మొహమే టికెట్టా?

ఇండియా, పాకిస్తాన్ మ్యాచ్ నాడు తణుకులో టీవీ ముందు కూర్చున్న సాయిబుల మొహాల్ని ఒక చూపు వెతుకుతుంది. వికెట్ పడ్డప్పుడు మా కళ్లల్లో ఏం కనిపిస్తుందోనని. ఆ చూపు మాకు పాతదే. ఇప్పుడది కెమెరా అయి స్టేడియం గేటెక్కుతోంది.

క్యూ తగ్గుతుంది, బ్లాకు టికెట్లు ఆగుతాయి, నేరస్తులు దొరుకుతారు అంటున్నారు. మరి దొరికిందెవరు? 2017లో కార్డిఫ్‌లో ఛాంపియన్స్ లీగ్ ఫుట్‌బాల్ ఫైనల్‌కి పోలీసులు ఈ కెమెరాలు పెట్టారు. జాబితాలోని మొహాలంటూ యంత్రం 2,470 సార్లు కేకేసింది. అందులో 2,297 తప్పు. ఆ పోలీసులు దీన్ని వాడిన తీరు చట్టవిరుద్ధమని 2020లో అక్కడి అప్పీల్ కోర్టు తేల్చింది.

యంత్రానికి మనిషి తెలియడు. రెండు ఫోటోల పోలికే తెలుసు. కాబట్టి జాబితాలో ఎవరి ఫోటోలున్నాయన్నదే అసలు ప్రశ్న.

అది పరాయి దేశపు గొడవ కాదు. 2021 మేలో హైదరాబాద్ షహ్రాన్ మార్కెట్ దగ్గర పోలీసులు తనని ఆపి, మాస్కు తీయమని, కాదన్నా ఫోటో తీశారని సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ హైకోర్టుకెక్కారు. 2022 జనవరిలో కోర్టు తెలంగాణ ప్రభుత్వానికి నోటీసిచ్చింది.

టికెట్ చూడండి, జేబులు తడమండి. అందరికీ ఒకేలా అయితే మాకూ అభ్యంతరం లేదు. మొహం అడిగితే మాత్రం ముందు జవాబు చెప్పాలి: ఏ జాబితాతో పోలుస్తారు? ఎన్నాళ్లు దాస్తారు? పొరపాటున ఆపేస్తే, మ్యాచ్ అయిపోయాక మేం ఎవరికి చెప్పుకోవాలి?