పోర్ట్ లూయీ రేవులో ఒక్క పగలు

విహారనౌకలో, అంటే క్రూయిజ్ షిప్పులో, ప్రయాణించేవారికి ఒక్కో దీవిలో దక్కేది సాధారణంగా ఒక్క పగలే. ఆ పగటిని ఎలా గడపాలన్న ఆలోచన చాలామందిలో చూడవలసిన స్థలాల పట్టికతో మొదలవుతుంది; పట్టిక ఎంత పొడవైతే పగటిలో అంత భాగం కారులోనే గడిచిపోతుంది. ఓడ రేవు విడిచే వేళ నుంచి వెనక్కు లెక్క వేసుకుని, మిగిలిన గంటలకు సరిపోయేదాన్నే ఎంచుకోవడం ఈ విద్యలో మొదటి పాఠం. హిందూ మహాసముద్రంలోని మారిషస్ రాజధాని పోర్ట్ లూయీ ఈ పాఠానికి అన్నివిధాలా తగిన రేవు.

ఓడ ఉదయం 8 గంటలకు చేరి సాయంత్రం 6 గంటలకు బయలుదేరుతుందనుకుంటే చేతిలో పది గంటలు ఉన్నట్టు కనిపిస్తుంది. అయితే స్థానిక అధికారుల తనిఖీ ముగిసి ప్రయాణికులు దిగేసరికి 9 కావచ్చు; 'ఆల్ అబోర్డ్' అనే గడువు, అంటే అందరూ తిరిగి ఓడెక్కి ఉండవలసిన వేళ, బయలుదేరడానికి అరగంట నుంచి గంట ముందే ముగుస్తుంది; దానికీ ముందు వాహనాల రద్దీ కోసం మరో గంట విడిచిపెడితే మిగిలేది ఏడు గంటలు. నౌకా సంస్థ తానే నడిపే యాత్ర ఆలస్యమైతే ఓడ మామూలుగా ఆగుతుంది. సొంతంగా టాక్సీ మాట్లాడుకుని వెళ్లినవారి కోసం ఆగదు, వారు తరువాతి రేవుకు తమ ఖర్చుతో చేరుకోవాలి. అందువల్ల సొంతంగా తిరిగేవారు పోర్ట్ ఏజెంట్ ఫోన్ నంబరును, అంటే ఆ రేవులో నౌక పనులు చూసే స్థానిక ప్రతినిధి నంబరును, కాగితం మీద రాసుకుని దగ్గర ఉంచుకోవడం అవసరం.

గడియారం విషయంలోనూ జాగ్రత్త కావాలి. ఓడలో పాటించే సమయాన్ని షిప్ టైమ్ అంటారు. అది ఒడ్డు మీది సమయంతో ఎల్లప్పుడూ ఏకీభవించదు. మడగాస్కర్ సమయం మారిషస్ సమయం కంటే గంట వెనుక ఉంటుంది కాబట్టి, మారిషస్ సమయం మార్చకుండా మడగాస్కర్ చేరిన ఓడ నుంచి దిగి, తనంతట తానే స్థానిక సమయానికి మారిపోయే సెల్‌ఫోన్‌ను నమ్ముకున్నవారు రేవుకు గంట ఆలస్యంగా వస్తారు. చేతి గడియారాన్ని షిప్ టైమ్‌కు పెట్టి, దాన్ని మాత్రమే చూడడం మేలు.

ఏడు గంటల లెక్క చేతికి వచ్చాక ఎంపిక సులువవుతుంది. నైరుతి మూలనున్న చమరెల్‌లో అగ్నిపర్వత శిల శిథిలమై ఏర్పడిన రంగురంగుల మట్టి దిబ్బలు చూడముచ్చటగా ఉంటాయి గాని, కొండదారిలో రానుపోను ప్రయాణమే పగటిలో పెద్ద భాగాన్ని తినేస్తుంది. రేవు పక్కనే ఉన్న కాడాన్ వాటర్‌ఫ్రంట్ చేరుకుంటే నగరంలోని ముఖ్యమైనవన్నీ అక్కడి నుంచి నడకదూరంలోనే ఉన్నాయి. వాటిలో తెలుగువారికి అన్నిటికంటే ముఖ్యమైనది ఆప్రవాసీ ఘాట్.

బానిసత్వం రద్దయ్యే కాలంలో చెరకు తోటలకు మనుషులు కావలసి, బ్రిటిష్ పాలకులు భారతదేశం నుంచి ఒప్పందపు కూలీలను రప్పించారు. నిర్ణీత కాలం నిర్ణీత కూలికి పనిచేస్తామని వేలిముద్ర వేసి ఓడెక్కినవారిని ఒప్పందపు కూలీలు అంటారు. 1834 నవంబరు 2న అట్లాస్ అనే ఓడలో 36 మంది దిగడంతో మొదలైన ఈ వలస 20వ శతాబ్దం తొలి దశాబ్దాల వరకూ సాగి, దాదాపు అయిదు లక్షల మందిని ఈ దీవికి చేర్చింది. 1849లో కట్టడం మొదలైన వలస డిపో శిథిలాలే నేటి ఆప్రవాసీ ఘాట్; యునెస్కో 2006లో దీన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు పెట్టుకున్న 'కోరంగి పాకెట్' అనే ఓడ 1843లో తెలుగు కూలీలను తీసుకువచ్చే నాటికి ఈ డిపో లేదు. తరువాతి దశాబ్దాల్లో వచ్చిన తెలుగువారు మాత్రం ఇక్కడి నల్లరాతి మెట్ల మీదుగానే దీవిలో అడుగుపెట్టారు. ఒకప్పుడు కెరటాలు తాకిన ఆ మెట్ల ముందు ఇప్పుడు పూడ్చిన నేల ఉంది, పక్క నుంచి పెద్ద రోడ్డు పోతుంది; కాబట్టి త్వరత్వరగా చూసి ఫొటో తీసుకుని వెళ్లేవారికి అక్కడ కొన్ని గోడలు తప్ప మరేమీ కనిపించవు. పక్కనున్న ప్రదర్శనశాలను ముందుగా చూసి, ఆ తరువాత మెట్ల దగ్గరకు వస్తేనే వాటి విలువ బోధపడుతుంది, అందుకు గంటన్నర సమయం కేటాయించడం న్యాయం. కోరంగీలని పిలిపించుకున్న ఆ కూలీల సంతతి నేటికీ మారిషస్‌లో ఉగాదిని జాతీయ సెలవుదినంగా జరుపుకుంటోంది.

అక్కడి నుంచి సెంట్రల్ మార్కెట్ దగ్గరే. ఉడికించిన పప్పుపొడిని కూరి కాల్చే ధాల్ పూరీ, తీపి లేని బొబ్బట్టు వంటిది, జంటగా ఇస్తారు. చల్లని పాలలో సబ్జా గింజలు, అగర్ ముక్కలు వేసిన అలూదా ఎండకు విరుగుడు. డిసెంబరులో మారిషస్ మధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు, కాబట్టి మధ్యాహ్నం ఓ రెండు గంటలు నీడలో గడపాలి. కాడాన్‌లోని బ్లూ పెన్నీ మ్యూజియం అందుకు తగినది. 1847 నాటి రెండు తపాలా బిళ్లల అసలు ప్రతులను, వెలుతురుకు రంగు వెలవకుండా, గంటకు కొద్ది నిమిషాలు మాత్రమే దీపం వేసి చూపిస్తారు. ఇంకా సమయం మిగిలితే, ఉత్తరాన 11 కిలోమీటర్ల దూరంలోని పాంప్లెమూస్ ఉద్యానవనంలో పళ్లేల్లా పరచుకునే పెద్ద కలువ ఆకులను చూసి రావచ్చు, మిగలకపోతే వదులుకోవచ్చు.

విహారనౌకలు ఎక్కువగా వచ్చే నవంబరు నుంచి ఏప్రిల్ వరకు తుపానుల కాలం కూడా కావడంతో, ఓడ రేవుకు రాకుండానే సాగిపోయే అవకాశం ఉంటుంది. తిరిగి రాని రుసుములు ముందుగా చెల్లించకపోవడం మంచిది. ఇక ఆప్రవాసీ ఘాట్, బ్లూ పెన్నీ మ్యూజియం రెండూ ఆదివారం మూసి ఉంటాయి. టికెట్టు కొనే ముందే ఓడ వారంలో ఏ రోజున పోర్ట్ లూయీ చేరుతుందో పాఠకులు చూసుకోవాలి.