బంగారము పేరుగల పాము

పాములను వెదకబోవువాడు పాములకై చూడరాదని నాకు బోధించినవాడు జంతుశాస్త్రజ్ఞుడు కాడు. శ్రీకాకుళపు తీరమునుండి చిన్ననాడే తండ్రివెంట అండమానునకు వలసపోయి, సగము జీవితమును వల వేయుటలోను, తక్కిన సగమును అడవిని పరిశీలింపవచ్చినవారికి దారి చూపుటలోను గడపిన యొక జాలరి. “ఆకుల్ని సూడండి బాబూ, కొమ్మల్ని సూడండి. ఆటిలో కలవనిదేదో ఉంటే అదే అవుపిస్తాది” అని మొదటిరాత్రి అతడనిన మాటను నేనొక చమత్కారముగా మాత్రమే గ్రహించితిని.

దక్షిణ అండమానున వండూరు ప్రాంతమున, అటవీశాఖవారి అనుమతితో, వాన వెలిసిన సాయంకాలములందు మేము బయలుదేరెడివారము. పగటివేళ చెట్లబోదెలపై ప్రాకు పచ్చనిబల్లి తన దగ్గరి చుట్టములను దూరమున మడగాస్కరులో విడిచి ఈ దీవుల కెట్లు చేరెనో యని యాశ్చర్యపడుచు, వాగు దాటు నీటిఉడుమునకు దారి యిచ్చుచు, చీకటిపడువేళకు అడవిలోపలికి చేరెడివారము. తలదీపపు వెలుగులో కప్పకన్ను మెరయును, సాలెపురుగు కన్ను మెరయును. పాముకన్ను మాత్రము మెరసి తన యునికిని తెలుపదు. ఈ సంగతి యెరుగక మెరపులవెంట పరుగిడిన నాకు మొదటి రెండురాత్రులును రిక్తములైనవి.

మూడవరాత్రి అతడు నా మోచేతిని పట్టి నిలిపెను. నా మోకాలి యెత్తున నున్న పొదలో, ఎండుటాకులతో రంగు కలిసి, కంటికిని ముక్కునకును నడుమ వేడిని పసిగట్టు చిన్నగుంట గల అండమాను పింజర, మెడను కొక్కెమువలె వంచి, కదలక కాచుకొనియుండెను. ముందటి రెండురాత్రులును ఆ పొద ప్రక్కగానే నడచితిమి. ఆ పామచ్చటనే యుండెనో లేదో నే నెరుగను గాని, ఉన్నను నేను చూచియుండనన్నమాట నిజము. వెదకులాట యనగా కాళ్లకు పని కల్పించుట కాదనియు, గంటకొక ఫర్లాంగు నడచినను అది తొందరయే కావచ్చుననియు నాకప్పుడు తెలిసినది.

ఈ విద్యకు నియమములు కొన్ని కలవు. ఎత్తిన రాతిని ఎత్తినచోటనే యథాతథముగా దించవలెను, చేయి పెట్టుటకు ముందు చూపు పెట్టవలెను, పామును ముట్టరాదు. మనదేశమున ప్రధానముగా వాడెడి విషహరౌషధము నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర యను నాలుగింటి విషములతో సిద్ధము చేయబడునది; ద్వీపమునకే ప్రత్యేకములైన జాతులను తలచుకొని తయారైనది కాదు. కావున ఇచ్చట నిబ్బరము కన్న ఎడమే మేలు.

చివరిరాత్రి బాటకడ్డముగా నొక కట్లపాము సాగిపోయెను. నల్లని మేనిపై వరుసగా తెల్లని యడ్డపట్టెలు. దీని శాస్త్రనామము ‘బంగారస్ అండమానెన్సిస్’ అనియు, అందలి మొదటిమాట మన ‘బంగారమే’ యనియు నేను చెప్పితిని. విశాఖపట్టణమున ఈస్టిండియా కంపెనీ కొలువుననుండి ఆ తీరపు పాములను సేకరించిన వైద్యుడు పాట్రిక్ రస్సెల్, 1796లో వెలువరించిన గ్రంథమున వానికి మనవారు పలికెడి పేర్లనే వ్రాసికొనెను. అందలి ‘బంగారు పాము’ను పట్టుకొని 1803లో దొదాఁ యను ఫ్రెంచి పండితుడు కట్లపాముల ప్రజాతికంతకు నామకరణము చేసెను.

జాలరి దీపమును క్రిందికి దించి, “దీనికి పసుపు పట్టెల్లేవు కదా బాబూ, బంగారమెక్కడిది?” అని యడిగెను.

ప్రశ్న సరియైనదే. పసుపుపట్టెలు దీనివి కావు, ఉపఖండమునందలి దీని జ్ఞాతివి. ఆ పేరు సుమారు పన్నెండువందల కిలోమీటర్ల సముద్రమును దాటి దీనికి సంక్రమించినది. కాని నన్ను నిలిపివేసినది వేరొక తలపు. కట్లపామును కన్నతోడనే కఱ్ఱకై పరుగెత్తు మనుష్యుల నడుమ, దాని పట్టెల రంగు తెలియునంతసేపు నిలిచి చూచి, భయము పేరు కాక బంగారము పేరు పెట్టినవాడొకడు మన తీరమున నుండెను. నేను మూడురాత్రులకు నేర్చినదానిని అతడు ముందే యెరుగును.

పాము ఆకులలో కలిసెను. మేము మరికొంతసేపు అచ్చటనే నిలిచితిమి.