డబ్బా తెరిస్తేనే సైనికుడు

పాత ప్లాస్టిక్ సైనికుల కిట్లను ఇష్టపడేవాళ్ళలో రెండు పక్షాలున్నాయి. ఫ్యాక్టరీలో వేసిన టేపు కూడా ఊడకుండా డబ్బాను బీరువాలో భద్రపరిచేవాళ్ళది ఒకటి. డబ్బా తెరిచి, ముక్కలు విడదీసి, అతికి, రంగులు వేసి బొమ్మను నిలబెట్టేవాళ్ళది రెండోది. తెరవగానే ధర పడిపోతుంది కాబట్టి, రెండోవాళ్ళు అపురూపమైన వస్తువును పాడుచేస్తున్నారని మొదటివాళ్ళ ఫిర్యాదు. నేను నిస్సంకోచంగా రెండో పక్షాన ఉన్నాను. యాభై ఏళ్ళ కిందట ఆ డబ్బాలో పెట్టి అమ్మింది ఒక పనిని. ఆ పని చేస్తున్నప్పుడే ఒక కాలపు సైనికుడు ఏం తొడుక్కున్నాడో, ఏం మోశాడో, ఎందుకలా మోశాడో చేతులకు తెలిసొస్తుంది. కిట్ విలువంతా ఆ తెలిసిరావడంలోనే ఉంది. పని జరగనంతకాలం డబ్బాలో ఉండేది అచ్చుపోసిన పాలిస్టైరీనే.

ప్లాస్టిక్‌కు ముందు ఏముండేదో చూస్తే ఈ మాట తేటపడుతుంది. లండన్‌లోని విలియం బ్రిటన్ సంస్థ 1893లో సీసాన్ని లోపల బోలుగా పోతపోసే పద్ధతితో చవకైన సైనికుల బొమ్మలు మార్కెట్లోకి తెచ్చింది. సుమారు 54 మిల్లీమీటర్ల ఎత్తు ఒక ప్రమాణంగా స్థిరపడింది ఆ బొమ్మలతోనే. అవి రంగులతో సహా సిద్ధమై వచ్చేవి. కొన్నవాళ్ళకు మిగిలేది బారులు తీర్చి చూసుకోవడమే. బొమ్మల్లో సీసం మీద ఆంక్షలు వచ్చాక, 1966 నాటికి వాటి తయారీ ఆగిపోయింది. అప్పటికే పారిస్‌లో హిస్టోరెక్స్ సంస్థ, ఫ్రెంచి సైన్యపు అధికారిక చిత్రకారుడు యూజెన్ లెలియెవ్ర్ తోడ్పాటుతో, నెపోలియన్ కాలపు సైనికుల్ని అదే ఎత్తులో ప్లాస్టిక్ ముక్కలుగా అందిస్తోంది. నికొలస్ కోవ్ 1939లో ఇంగ్లండ్‌లో స్థాపించిన ఎయిర్‌ఫిక్స్ కూడా 1970ల మొదట్లో ఈ దారిలోకి వచ్చింది. వాటర్లూ యుద్ధం నాటి బ్రిటిష్, ఫ్రెంచి సైనికులు, 1642 నాటి ఇంగ్లిష్ అంతర్యుద్ధపు మస్కెటీరు, 1776 నాటి బ్రిటిష్ గ్రెనేడియరు, జార్జ్ వాషింగ్టన్ ఇలా ఒక్కొక్కరే దుకాణాలకు చేరారు. హిస్టోరెక్స్ ఖరీదైనది, ఎయిర్‌ఫిక్స్ అందరికీ అందేది. రెండింటిలోనూ సైనికుడు విడి భాగాలుగానే వచ్చేవాడు.

విడి భాగాలుగా రావడానికి కారణం అచ్చు. ఉక్కు అచ్చు రెండు దిమ్మెలుగా తెరుచుకుంటుంది. కరిగిన ప్లాస్టిక్‌ను ఒత్తిడితో లోపలికి పంపి, చల్లారాక దిమ్మెల్ని విడదీస్తారు. లోపలికి ఒంపు తిరిగిన ఆకారం ఏదైనా ఉంటే ముక్క అచ్చులోనే ఇరుక్కుంటుంది. అందుకని చంకలో ఇరికించిన తుపాకి, నడుముకు వేలాడే సంచి, కోటు అంచు కింద దాగిన తొడ ఒకే ముక్కలో రావడం కష్టం. మొండెం రెండు చెక్కలు. తల, చేతులు, వీపు మూట, చుట్టిన ఓవర్‌కోటు, నీళ్ళ సీసా, తూటాల పెట్టె, బయొనెట్ ఒర వేరు వేరు. తయారీలో వచ్చిన ఈ ఇబ్బందే కూర్చేవాడికి పాఠమైంది. తూటాల పెట్టె పట్టీ ముందు రావాలా, నీళ్ళ సీసా పట్టీ ముందు రావాలా? వీపు మూట పట్టీలు వాటి మీదుగా వెళ్తాయా, కిందుగానా? వరస తప్పితే ముక్కలు కుదరవు. సైనికుడు తెల్లవారగానే ఏ వరసలో తగిలించుకున్నాడో దాదాపు అదే వరసలో అతకాలి. మ్యూజియం అద్దాల వెనక యూనిఫాం ఎంతసేపు చూసినా ఈ వరస పట్టుబడదు.

పాలిస్టైరీన్ గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ కళంతా ఆ పదార్థపు గుణం మీదే నిలబడింది. దీన్ని అతకడానికి వాడే పల్చటి సిమెంటు ఒక ద్రావకం. అది రెండు అంచుల్నీ మెత్తబరిచి, ఒకదానిలో ఒకటి కలిపి, తాను ఆవిరైపోతుంది. ఆరాక మిగిలేది ఒకే ముక్క. అచ్చు దిమ్మెలు కలిసిన చోట మిగిలే సన్న గీతను బ్లేడును నిలువుగా పట్టుకుని గీకి తీసేస్తారు. సందు మిగిలితే పుట్టీ నింపి గరుకు కాగితంతో రుద్దుతారు. అవయవాల్ని విడిగా చెక్కి, అతికి, అతుకుల్ని మక్కుతో కప్పే కొండపల్లి పనివాళ్ళ పద్ధతి లాంటిదే ఇది. అసలు సంగతి ఇక్కణ్ణుంచి మొదలవుతుంది. మోచేతి దగ్గర సన్న రంపంతో కోసి, చేతిని తిప్పి మళ్ళీ అతకొచ్చు. చొక్కా ముడతను ఎపాక్సీ పుట్టీతో కొత్తగా మలచొచ్చు. ముక్కలు విడదీశాక మిగిలిన ప్లాస్టిక్ కాడను కొవ్వొత్తి సెగకు చూపించి లాగితే వెంట్రుకంత దారం వస్తుంది. అది టోపీ తాడవుతుంది. కళ్ళేలు, జీను పట్టీలు సన్న కాగితం నుంచో సీసపు రేకు నుంచో కత్తిరిస్తారు. హిస్టోరెక్స్ ఇంకో అడుగు ముందుకేసి, గుర్రాల శరీరాల్ని చెక్కలుగా చేసి, వేర్వేరు చెక్కల్ని కలిపితే వేర్వేరు నడకలు వచ్చేలా రూపొందించింది. తలలు, చేతులు, జీనుల్ని విడిగా కూడా అమ్మింది. దాంతో కిట్‌లో ఇచ్చిన భంగిమ ఒక ప్రారంభం మాత్రమే అయింది. 1812లో మాస్కో నుంచి వెనుదిరిగిన నెపోలియన్ సైనికుడు ఈ కళాకారులకు ప్రియమైన వస్తువుల్లో ఒకడు కావడం యాదృచ్ఛికం కాదు. కవాతు దుస్తుల బొమ్మను తీసుకుని, పాదాలకు గుడ్డపీలికలు చుట్టి, భుజాల మీద దుప్పటి కప్పి, మెడ వంచి, తుపాకిని ఊతకర్రగా పట్టించడానికి ప్లాస్టిక్ ఇచ్చినంత వీలు ఏదీ ఇవ్వలేదు.

రంగుల దగ్గరికొస్తే ఒక్క బొమ్మ చాలు. ఎయిర్‌ఫిక్స్ వాటర్లూ వరుసలోని 95వ రైఫిల్ దళం సైనికుణ్ణి తీసుకోండి. ముదురు ఆకుపచ్చ కోటు, నల్ల కాలరు, నల్ల తోలు పట్టీలు, నల్ల టోపీ. ఈ ఎత్తులో అవన్నీ కలిసి చీకటి ముద్దలా కనిపిస్తాయి. వాటిని విడదీయాలంటే కోటుకు మెరుపు లేని రంగు వేయాలి, తోలుకు కాస్త నిగ్గు మిగల్చాలి, పట్టీల అంచుల వెంట బూడిదరంగు గీత సన్నగా లాగాలి. గంటల తరబడి ఈ నలుపు పచ్చలతో కుస్తీ పట్టాక ప్రశ్న తప్పదు: మిగతా బ్రిటిష్ పదాతిదళం దాదాపు అంతా ఎర్రకోటు మీద తెల్ల పట్టీలు వేస్తే, వీళ్ళకెందుకీ చీకటి? జవాబు తుపాకి గొట్టంలో ఉంది. మామూలు మస్కెట్ గొట్టం లోపల నున్నగా ఉండేది. నూరు గజాలు దాటితే గురి నమ్మలేం. కాబట్టి వరుసలో నిలబడి అందరూ ఒక్కసారి కాల్చేవారు. 1800లో వచ్చిన బేకర్ రైఫిల్ గొట్టంలో మెలి తిరిగిన గాళ్ళుండేవి. రెండు వందల గజాల్లో ఒక్క మనిషికి గురిపెట్టొచ్చు. అలా కాల్చేవాళ్ళు చెట్ల చాటున, పొదల మాటున విడివిడిగా కదలాలి. తెల్ల పట్టీ అక్కడ ప్రాణం మీదికి తెస్తుంది. రైఫిల్ మస్కెట్ కన్నా పొట్టి కాబట్టి బయొనెట్‌ను కత్తంత పొడవుగా చేశారు; నడుముకు ఆ పెద్ద ఒరను అతుకుతున్నప్పుడు ఈ లెక్క కూడా తెలిసిపోతుంది.

54 మిల్లీమీటర్ల బొమ్మలో ఒక మిల్లీమీటరు అసలు మనిషిలో సుమారు మూడు సెంటీమీటర్లకు సమానం. ముఖం పొడవు ఏడు మిల్లీమీటర్లకు మించదు. బొమ్మను తగ్గించగలం గానీ వెలుతురును తగ్గించలేం. గదిలోని దీపం ఆ చిన్న ముక్కు కింద, కనుబొమల కింద చాలినంత నీడ వేయదు. కాబట్టి నీడను కుంచెతోనే వేయాలి. మెరుపు లేని ఎనామెల్ పూత మీద ఆయిల్ రంగులు వాడే పద్ధతి ఇందుకే నాటుకుంది. ఆయిల్ రంగు నెమ్మదిగా ఆరుతుంది. చెంప మీది ఎరుపును గడ్డం కింది నీడలోకి అంచు తెలియకుండా కలపడానికి తీరిక దొరుకుతుంది. అమెరికన్ కళాకారుడు షెపర్డ్ పెయిన్ తన పుస్తకాల్లో ఈ రహస్యాల్ని దాచుకోకుండా బోధించాడు. ఒక తరం కుంచె పట్టింది ఆయన్ని చదివే.

ఇక అభ్యంతరాలు. ఇవాళ రెసిన్‌లోనూ త్రీడీ ప్రింటింగ్‌లోనూ వచ్చే బొమ్మల ముందు ఆ పాత ముఖాలు, బిరుసు ముడతలు నిలవవంటారు. శిల్పం వరకు అది నిజం, వాదించను. రంగులు వేయడమే ఇష్టమైనవాళ్ళు కొత్తవే కొనుక్కోవాలి. కానీ కొత్త బొమ్మలో చాలా ప్రశ్నలకు శిల్పి ముందే జవాబిచ్చేశాడు. పట్టీ ఎక్కడ ఒంపు తిరగాలో, కాలు ఎంత వంగాలో నిర్ణయమైపోయింది. పాత కిట్ ఆ నిర్ణయాల్ని కూర్చేవాడికే వదిలింది. దాని లోటుపాట్లు సరిదిద్దాలంటే పుస్తకాలు తిరగేయక తప్పదు.

దొరకని వస్తువును తెరిచి తగ్గించేస్తున్నారన్న ఫిర్యాదు ఇంతకన్నా బలమైనది. దానికి కొంత తలొగ్గుతాను. డబ్బా మీది చిత్రం, సూచనల కాగితం ఆ కాలపు ముద్రణకు, అభిరుచికి సాక్ష్యాలు; వాటిని చింపి పారేయడం తప్పే. కిట్ కూర్చినా అవి మిగలాలి. అయితే ప్లాస్టిక్‌ను మూతపెట్టి కాపాడుతున్నామనుకోవడం పూర్తిగా నిజం కాదు. ఎండ తగిలిన పాలిస్టైరీన్ పసుపెక్కి పెళుసుబారుతుంది. ఎయిర్‌ఫిక్స్ మెత్తటి పాలిథిన్‌తో చేసిన చిన్న సైనికుల్లో కొందరు ఇప్పుడు వేళ్ళ మధ్యే విరిగిపోతున్నారు. పైగా కొన్ని అచ్చులు చేతులు మారుతూ మళ్ళీ మళ్ళీ వాడుకలోకి వచ్చాయి. అలాంటివి తెరిస్తే లోకానికి వచ్చే నష్టమేమీ లేదు. ఒకటో రెండో మిగిలినవి ఏ సంస్థలోనో ఉంటే చాలు.

ఇదంతా యుద్ధానికి, సామ్రాజ్యానికి రంగులద్దడమే కదా అన్నది చివరిది. మనకు బాగా తగిలే ప్రశ్న కూడా. ఎయిర్‌ఫిక్స్ వరుసలో 1901 నాటి బెంగాల్ లాన్సర్ ఉన్నాడు. బల్లెం, తలపాగా, గుర్రం చూడగానే ఎవరి పక్షాన ఈ దర్జా అనిపిస్తుంది. అనిపించాలి కూడా. కానీ శ్రద్ధగా కూర్చేవాడు అక్కడ ఆగడు. ఏ రెజిమెంటు రంగు వేయాలని వెతికితే, ఆ దళాల్లో సిక్కులు, పంజాబీ ముస్లింలు, ఇతరులు వేర్వేరు స్క్వాడ్రన్లుగా ఉండేవారని, తలపాగా చుట్టుడు కూడా మారేదని తెలుస్తుంది. ఇంకా వెతికితే సిలాదారీ పద్ధతి బయటపడుతుంది. గుర్రం, జీను, దుస్తులు రౌతు తన సొమ్ముతోనో రెజిమెంటు నిధికి డబ్బు కట్టో సమకూర్చుకోవాలి. సర్కారు ముఖ్యంగా ఇచ్చేది తుపాకి, తూటాలు. ఆ దర్జా ఖర్చు సామ్రాజ్యం కాక రౌతే భరించాడన్నమాట. 1903లో భారత సైన్యాధిపతి కిచెనర్ తెచ్చిన సంస్కరణలతో ఆ దళాల పేర్లలోంచి బెంగాల్ అన్న మాట కూడా తొలగిపోయింది. మూతపెట్టిన డబ్బా ఈ సంగతుల్లో ఒక్కటీ చెప్పదు, మీది చిత్రంలోని ఠీవి తప్ప.

అందుకే బొమ్మ పూర్తయ్యాక ఇంకో పని మిగిలే ఉంటుంది. పీఠం అడుగున రెజిమెంటు పేరు, సంవత్సరం, ఏ తయారీదారు కిట్, ఏ భాగాలు మార్చారు, ఏ ఆధారంతో మార్చారు అన్నవి రాసి, వార్నిష్ పూయాలి. సూచనల కాగితాన్ని, డబ్బా మూతను చదునుగా మడిచి ఫైల్లో పెట్టాలి. ఆధారం దొరక్క ఊహించి వేసిన రంగు ఏదైనా ఉంటే, అది ఊహ అని కూడా అక్కడే రాయాలి.