పాన్ డబ్బా సున్నం, పసుపు కాగితం

చార్మినార్ గల్లీల బడుల్లో చేతులతో చేయించి కెమిస్ట్రీ చెప్పే టీచర్లకు నా సలాం. పాన్ డబ్బాలో దొరికే కాస్త సున్నం, వంటింటి పసుపు చాలు వాళ్లకి. పసుపు పూసి ఆరబెట్టిన కాగితంపై సబ్బునీటి చుక్క పడితే ఎర్రబడుతుంది; నిమ్మరసం పిండితే మళ్లీ పసుపే. నాకు మాత్రం సున్నపుతేటే ఇష్టం. సున్నాన్ని నీళ్లలో కలిపి రాత్రంతా తేరనిచ్చి, అడుగు కదలకుండా పైనీళ్లు వంచి, స్ట్రాతో మెల్లగా ఊదిస్తారు (పీల్చొద్దని ముందే గట్టిగా చెప్పి!). ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ తగిలి నీళ్లు పాలలా తెల్లబడతాయి. అప్పుడు కిటికీలోంచి మినార్లు చూపిస్తారు: 1591 నాటి ఆ కట్టడంలో సున్నపు గచ్చు గట్టిపడిందీ గాలిలోని ఈ వాయువుతోనే. ఈక్వేషన్ బోర్డెక్కేది ఆ తర్వాతే. ల్యాబ్ లేదని పాఠం వాయిదా వేసేవాళ్లు ఓసారి పాన్ డబ్బా దాకా వెళ్లిరండి.