ధనుర్మాసం, మద్రాసు, మన మాటలు

డిసెంబరు నెల సగానికి వచ్చేసరికి మద్రాసులో ఒక రకం మనుషులు బయటపడతారు. భుజాన గుడ్డసంచి, అందులో శాలువా, మంచినీళ్ల సీసా, నాలుగైదు సభల కార్యక్రమ పత్రాలు, వాటి మీద ఎర్ర పెన్నుతో చుట్టిన సున్నాలు. పొద్దున ఒకచోట సోదాహరణ ప్రసంగం, మధ్యాహ్నం ఇంకోచోట కచేరీ, సాయంత్రం మరోచోట పెద్ద కచేరీ, నడుమ సభ క్యాంటీన్లో అరిటాకు భోజనం. నేనూ ఆ రకమే. ఊరికి చెన్నై అని పేరు మారి చాలా ఏళ్లయింది గానీ, ఈ సంగీతం గురించి మాట్లాడేటప్పుడు నా నోటికి మద్రాసే వస్తుంది. మన్నించాలి.

ఈ సీజన్ చరిత్ర రెండు ముక్కల్లో చెప్పేస్తాను. 1927 డిసెంబరులో మద్రాసులో కాంగ్రెసు మహాసభ జరిగింది, దాంతోపాటే సంగీత సమావేశమూ పెట్టారు. దాని పుణ్యాన 1928లో మ్యూజిక్ అకాడమీ పుట్టింది. తిరువళ్లిక్కేణి పార్థసారథి సభ అంతకంటే పాతది. తరవాత నారద గాన సభ, కృష్ణ గాన సభ, మైలాపూర్ ఫైన్ ఆర్ట్స్, ఇలా వరసపెట్టి వచ్చాయి. నెల రోజుల్లో వెయ్యికి పైగా కచేరీలు జరుగుతాయంటారు. 2017లో యునెస్కో వాళ్లు చెన్నైని సంగీత నగరాల జాబితాలో చేర్చారు. ఆ ముద్ర లేకపోయినా కపాలీశ్వరుడి మాడవీధుల్లో ధనుర్మాసపు భజనలు ఆగేవి కావు.

ఈసారి ఎవరు ఎక్కడ పాడుతున్నారో పత్రికల్లో వస్తుంది, చూసుకోండి. నేను చెప్పదలచింది వేరు. ఎవరి కచేరీకి వెళ్లినా నెరవల్ కోసం కాచుకుని కూర్చోండి. రాగాలాపన గొప్పదే. పల్లవి కత్తిమీద సాము. కల్పనస్వరాలకు చప్పట్లు ఎలాగూ పడతాయి. కానీ పాడేవాడికి ఆ మాట లోపలికి దిగిందా లేదా అన్నది తేలేది ఒక్క నెరవల్‌లోనే.

సంగతేమిటంటే, కీర్తన అనుపల్లవిలోనో చరణంలోనో ఒక పాదం ఎన్నుకుంటారు. ఇక మాట మారదు, తాళంలో ఆ మాట పడే చోటూ మారదు. మారేది రాగంలో నడక ఒక్కటే. ఎత్తుగడ సమం మీద కాకుండా ఒక అర అక్షరం దాటాక ఉందనుకోండి, గాయకుడు మంద్రంలో తిరిగొచ్చినా తారస్థాయి అందుకుని వచ్చినా, చివరికి ఆ అర అక్షరం దాటాకే ఆ మాట అందుకోవాలి. ముందు చౌకకాలం, తరవాత రెండో కాలం. వయొలిన్ వెనకే వచ్చి అదే పాదాన్ని మాట లేకుండా పలికిస్తుంది, అయినా మనకు మాట వినిపిస్తుంది. మృదంగం అప్పటిదాకా ఉన్న జోరు తగ్గించి, మాటకు చోటిచ్చి, కాలం మారగానే పుంజుకుంటుంది. చెప్పడానికి ఇంతే. చెయ్యడానికి జన్మ చాలదు.

నిరుడు ఒక చిన్న సభలో మధ్యాహ్నం ఒంటిగంటన్నర కచేరీ. హాల్లో ఇరవై మందిమి ఉన్నామేమో, అందులో ఇద్దరు భోజనం చేసి కునుకు తీస్తున్నారు. ఇరవై ఏళ్ల అమ్మాయి, తమిళుల పిల్ల, పూర్వికల్యాణిలో త్యాగరాజ కీర్తన ఎత్తుకుంది. నెరవల్‌కు వచ్చేసరికి నేను వెన్ను నిటారుగా పెట్టి కూర్చున్నాను. అదే పాదాన్ని మొదట మామూలుగా అడిగినట్టు పాడింది. రెండోసారి బతిమాలుకుంది. పైషడ్జం దగ్గర నిలబడి, రాముడి మీద అలిగినట్టు పాడింది. మూడుసార్లూ ఒక్క అక్షరం విరగలేదు. వయొలిన్ కుర్రాడు కమాను ఎత్తి ఓ క్షణం వాయించడం మరిచిపోయాడు.

కచేరీ అయ్యాక దగ్గరికెళ్లి, "నీకు తెలుగు వచ్చా అమ్మా?" అన్నాను. "కొంచెం కొంచెం, మామా" అని నవ్వి, అడక్కుండానే తన పాటల పుస్తకం తీసి చూపించింది. తమిళ లిపి. మన క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఆ లిపిలో ఒకటే అక్షరం కనక, ఆ అక్షరం పక్కన అంకె వేస్తారు. 2 ఉంటే ఖ, 3 ఉంటే గ, 4 ఉంటే ఘ. ప్రతి మాట కిందా ఎర్ర సిరాతో అర్థం, మాటకూ మాటకూ మధ్య నిలువుగీత. "అర్థం రాసుకోకుండా మా టీచర్ పాఠం మొదలుపెట్టరు మామా" అంది. ఆ గీతల్ని చూస్తే నాకు కళ్లు చెమర్చాయి. మన భాషను ఇంత భద్రంగా పెట్టుకున్న పుస్తకం తెలుగువాళ్ల ఇళ్లలో ఎన్ని ఉన్నాయి?

నెరవల్ విద్యలో ఘనుల పేర్లు ఎత్తితే నేను ఆగను, ముందే చెబుతున్నాను. అరియక్కుడి రామానుజ అయ్యంగారు కచేరీకి ఇప్పటి ఒరవడి తెచ్చారు. ఆ ఒరవడిలో సెమ్మంగుడి నెరవల్ పాడితే రాగం రాతి గోడలా ఒక్కో వరసా లేచేది. ఎం.డి. రామనాథన్ చౌకకాలంలో పాడిన రికార్డు వినండి. అంత నెమ్మదిలో మాట విడిపోకుండా పట్టి ఉంచడం ఆయనకే చెల్లింది. ఇక నా పక్షపాతం దాచుకోను. నెదునూరి కృష్ణమూర్తిగారు తెలుగు పాదం పట్టుకుంటే, చుట్టంతో మాట్లాడినంత హాయిగా ఉండేది. ఆయన గురువు శ్రీపాద పినాకపాణి వృత్తికి వైద్యుడు, పాఠం చెప్పడంలోనూ శస్త్రచికిత్స చేసినట్టే గమకాన్ని విప్పి చూపేవారట. ఇద్దరికీ అకాడమీ సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది, పాణిగారికి 1983లో, నెదునూరికి 1991లో. బాలమురళి 1978లోనే అందుకున్నారు. వయొలిన్‌ను పక్కవాద్యం పీట మీంచి లేపి నడిమధ్యన కూర్చోబెట్టిన ద్వారం వెంకటస్వామి నాయుడుగారికి 1941లోనే ఆ గౌరవం దక్కింది.

ఒంగోలు పక్క కరవది నుంచి వెళ్లి శ్రీరంగంలో స్థిరపడిన షేక్ చినమౌలానా సాహెబ్ నాదస్వరం విన్నవాళ్లెవరూ మతం, భాష అన్న మాటలు ఎత్తరు. 1998లో సంగీత కళానిధి అయ్యారు. 1981 డిసెంబరు సీజన్లో పన్నెండేళ్ల పాలకొల్లు పిల్లవాడు మాండొలిన్ పట్టుకుని మద్రాసు వేదికెక్కాడు. ఉప్పలపు శ్రీనివాస్. పాశ్చాత్య వాద్యం మీద గమకమా అని ముఖం చిట్లించినవాళ్లే తరవాత అతని కచేరీకి ముందు వరసల కోసం ఎగబడ్డారు.

క్షేత్రయ్య పదాల మాట చెప్పకపోతే పాపం. మొవ్వ వేణుగోపాలుడి ముద్ర ఉన్న ఆ పదాలను మన దగ్గర మరిచిపోతున్న రోజుల్లో వీణ ధనమ్మాళ్ ఇంటివాళ్లు కడుపులో పెట్టుకు కాపాడారు. ఆమె మనవరాళ్లు బృందా ముక్తలు పాడితే, ఇంకో మనవరాలు బాలసరస్వతి అభినయించింది. గాయకుడికి నెరవల్ ఎలాగో నర్తకికి సంచారి అలాగ. ఒకే పాదం, పది భావాలు. జనవరి మొదటివారంలో అకాడమీలో నాట్యోత్సవం మొదలవుతుంది, పదం ఆడేవాళ్లుంటే వదలకండి. వెంపటి చినసత్యంగారు 1963లో మద్రాసులోనే కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టారన్న సంగతీ గుర్తుంచుకుని వెళ్లండి.

ఇప్పుడు కడుపుమంట. పేరున్న ఒక విద్వాంసుడి సాయంత్రపు కచేరీలో, టికెట్టు కొని మరీ, మూడో వరసలో కూర్చున్నాను. ఎదురుగా స్టాండు మీద టాబ్లెట్. వేలితో పేజీ తోయడం, పాడడం. "నిధి చాల సుఖమా" అన్న ప్రశ్నలో 'చా' దగ్గర ఊపిరి తీసుకుంటే మిగిలేది 'ల సుఖమా'. అదేం సుఖం? "మరుగేలరా"ను 'మరు' దగ్గర తుంచితే త్యాగయ్య అడిగిందేమిటి, మనకు చేరిందేమిటి? ఆ విద్వాంసుడు సరిగ్గా అలాగే తుంచాడు. నెరవల్ అంటూ రెండు ఆవర్తాలు తిప్పి స్వరాల్లోకి దూకాడు. లెక్కలు కట్టిన ముక్తాయింపు, కోర్వై, ముగించేసరికి హాలు దద్దరిల్లింది. మైకు ఎంత గట్టిగా పెట్టారంటే, మృదంగం తొప్పి నా పక్కటెముకల్లో మోగింది. పాలఘాట్ మణి అయ్యర్ మైకు వద్దని పట్టుబట్టింది ఇందుకే కదా అనిపించింది. ఇలాంటివి చూసి పిల్లలు నేర్చేదేమిటి? వేగం, చెమట, చప్పట్లు. తంబురా శ్రుతి చెయ్యడం రాకపోయినా ఫోన్లో యాప్ ఉంది. అర్థం తెలియకపోయినా తెర మీద అక్షరాలున్నాయి. మునుపు నాలుగైదు గంటలు సాగే కచేరీ రెండు రెండున్నర గంటలకు కుదించారు సరే, కోతపడేది ఎప్పుడూ నెరవలే ఎందుకవ్వాలి?

తమిళులను తిట్టడానికి నాకు నోరు రాదు. తిరువారూరులో పుట్టిన త్యాగయ్య, ఆ గడ్డ మీదే తెలుగులో పాడుకుంటే, దాన్ని నెత్తిన పెట్టుకున్నది వాళ్లు. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి అన్నమయ్య సంకీర్తనలు పాడితే తెలుగువాళ్లు ఇల్లిల్లూ క్యాసెట్లు కొన్నారు. మనమేం చేశాం? హైదరాబాదులోనో విజయవాడలోనో కచేరీ అంటే నాలుగో వరస దాటి జనం ఉండరు, ఉన్నవాళ్లలో సగం సన్మానం అందుకునేవాళ్లు, సగం చేసేవాళ్లు. జ్యోతి వెలిగించి, శాలువాలు కప్పి, ఉపన్యాసాలు ముగిసేసరికి కళాకారుడికి మిగిలేది ముప్పావుగంట. మన పిల్లలు త్యాగరాజ కీర్తనను ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని నేర్చుకుంటున్నారు. అంకెలు వేసుకున్న ఆ తమిళ పిల్ల పుస్తకం ముందు ఆ కాగితాలు పెట్టడానికి నాకు సిగ్గు.

అందుకని ఒక విన్నపం. విజయవాడ నుంచి పినాకిని ఎక్కితే ఒక పూట ప్రయాణం. నాలుగు రోజులు సెలవు పెట్టి వెళ్లండి. సాయంత్రపు పెద్ద పేర్లకు టికెట్లు దొరక్కపోతే బాధపడకండి. చాలా సభల్లో మధ్యాహ్నం కచేరీలు ఉచితం, చేతులు కాళ్లు వణుకుతూ మొదటిసారి వేదికెక్కే పిల్లలు పాడేది అప్పుడే. ముందు వరసల్లో కూర్చోండి. మాట సరిగ్గా విరిచి పాడినప్పుడు తెలుగులోనే 'భేష్' అనండి, వాళ్లకు తెలుస్తుంది. మాట తుంచినప్పుడు, కచేరీ అయ్యాక పక్కకు పిలిచి మెల్లగా అర్థం చెప్పండి. ఎవరూ కోపగించుకోరు, పుస్తకం తీసి రాసుకుంటారు. మృదంగం వంతు, తనియావర్తనం, మొదలవగానే క్యాంటీన్‌కు పరుగెత్తకండి. దోశలు అయిపోవు.