ఒంటరి ఆట – గుంపు ఆట

వీడియో ఆటలను గూర్చి మన సంచికలో వ్యాసమేమిటని పెద్దలు కొందరు నొసలు చిట్లింపవచ్చును. మన ఇండ్లలోని పిల్లలు పుస్తకము చదివినను చదువకున్నను ఈ ఆటలు మాత్రము మానుట లేదు. చదువు కావ్యమునకు విమర్శ కలదు, చూచు నాటకమునకు విమర్శ కలదు. ఇంటింట వెలుగుచున్న ఈ తెరను మాత్రము తిట్టుటయో మెచ్చుటయో తప్ప విమర్శించినవారు మనలో అరుదు. గత దసరా సెలవులలో మా అరసికెరె ఇంట ఈ విషయముననే వాదము చెలరేగి రెండు దినములు సాగినది. అందు నేనొక పక్షము వహించితిని. దానినే ఇచట విన్నవించుచున్నాను.

అరసికెరె యన్నంతనే హాసన జిల్లాలోని రైలు కూడలిని తలచువారు పెక్కురు. మాది తుమకూరు జిల్లా పావగడ తాలూకాలోనిది. ఆ తాలూకాను ఇంచుమించు మూడు ప్రక్కల ఆంధ్రదేశము చుట్టుకొని యున్నది. మా ఊరి పేరు కన్నడము, మా నోటి మాట తెలుగు. మా ఇంటి పిల్లలు బడిలో కన్నడము చదువుదురు, కొలువునకై ఆంగ్లము నేర్తురు. తెలుగు వారికి దొరకునది ఇంటిలోని నోళ్ళనుండి మాత్రమే. కావున ఇంటిలోనికి ఏ క్రొత్త వస్తువు వచ్చినను, అది వచ్చిన పిమ్మట ఇంటివారి నోళ్ళు తెరచుకొన్నవా, మూతపడినవా అని చూచుట నాకు అలవాటైనది. రేడియో వచ్చిననాడును, దూరదర్శన్ వచ్చిననాడును ఇట్లే చూచితిని.

ఇక వాదము. మా తమ్ముని మనుమడు పదునారేండ్లవాడు, బెంగళూరున చదువుచున్నాడు. కంప్యూటరుముందు కూర్చుండి ఒక్కడే ఆడుకొను ఆటలన్న వానికి ప్రీతి. మా మేనల్లుని కొడుకు ఊరిలోనే పెరిగినవాడు. సెల్‌ఫోనులో నూరుమందితో కలిసి ఆడు యుద్ధపుటాట తప్ప వాడు మరొకటి ముట్టడు. ఈ రెండవవాడు మొదటివానిని 'ఒంటిపిల్లి రాకాసి' అని గేలిచేసెను. "నేను నూరుమందితో ఆడతాండా, నువ్వు గోడతో ఆడతాండావు" అని వాని మాట. పెద్దలలో పలువురు వానినే సమర్థించిరి. తోడుతో ఆడుట సుగుణము, ఒంటరిగా ఆడుట అవలక్షణము అని మనవారి తలపు గదా! అయినను ఒంటరి ఆట నిన్న పుట్టినది కాదు. వామనగుంటల పీటమీద ఒక్కరే ఆడుకొను ఆట ఒకటి కలదు. తమిళులు దానిని సీతమ్మ పేర పిలుతురు.

ఒంటరి ఆట యను పేరే తప్పని నా పక్షము. మీటలు ఒక్కని చేతిలో నుండవచ్చును గాని ఆట ఇంటిల్లిపాదిదీ కాగలదు. దీనికి నిదర్శనము మా ఇంటనే చూచితిని.

1998 ప్రాంతమున మా తమ్ముడు బెంగళూరునుండి పాత కంప్యూటరు నొకదానిని తెచ్చి నడవలో పెట్టెను. అందు 'ప్రిన్స్ ఆఫ్ పర్షియా' యను ఆట యుండెను. జోర్డన్ మెక్నర్ అను అమెరికా యువకుడు దానిని రచించి 1989లో వెలువరించెను. తన తమ్ముని పరుగెత్తించి, దూకించి, ఆ చలనమును చిత్రములుగా తీసి, ఆ రూపురేఖలను ఒక్కొక్కటిగా తెరకెక్కించెను గనుక ఆ బొమ్మ నడకలో ప్రాణమున్నది. కథ చిన్నది. రాజు యుద్ధమునకు వెడలిన వేళ మంత్రి జాఫర్ రాకుమారికి ఒక గంట గడువిచ్చును. తన్ను పెండ్లాడవలెను, లేదా చావవలెను. చెరలోనున్న యువకుడు ఆ గంటలోపల నేలమాళిగలనుండి బయలుదేరి ఆమెను చేరవలెను. దారిపొడవున మేకుల గుంతలు, కూలు పలకలు, కత్తి పట్టిన కావలివారు.

నడిదారిలో ఒక అద్దము అడ్డుపడును. దానిలోనికి దూకగా నాయకుని ప్రతిబింబము అతనినుండి విడివడి పారిపోవును. అది మొదలు ఆ నీడ అతనికి విఘ్నములు కలిగించుచుండును; అతడు త్రాగవలసిన మందు తాను త్రాగివేయును, అతని యెదుటనే తలుపు మూసివేయును. కడపట ఇరువురును కత్తులతో ఎదురుపడుదురు. నీడను పొడిచిన ప్రతిసారి నాయకుని ప్రాణమే తరుగును. మా పిల్లలు ఆ ఘట్టమున ఎన్నిమార్లు చచ్చిరో లెక్క లేదు. అక్షరము రాని మా పెద్దమ్మ ప్రక్కన కూర్చుండి విస్తళ్ళు కుట్టుచు అంతయు చూచుచుండెను. "వాణ్ణి కొట్టొద్దురా, వాడూ వీడూ ఒగడే. కత్తి దించి సూడు" అని ఆమె పలికెను. దించిరి. నీడయు దించెను. ముందునకు నడువగా రెండును ఒకటైనవి. నాటి కేకలకు ఎదురింటివారు ఏమైనదో యని పరుగున వచ్చిరి.

ఈ ఘట్టమును నేను మేలైన రచన యందును. కర్త ఒక చిక్కును పన్నినాడు, దాని విప్పును ఎచ్చటను వ్రాయలేదు, ఆడువారి బుద్ధికి విడిచినాడు. దూసిన కత్తితో పదకొండు అంకములు గెలిచినవానికి పండ్రెండవ అంకమున కత్తి దించుటయే గెలుపు. సర్గబంధమైన కావ్యమున నున్నట్లే పూర్వాపరములకు సంబంధమున్నది. ఇట్టి కూర్పు ఒక మనస్సునుండి వచ్చును. నూరుమంది తమ యిష్టము వచ్చినట్లు తిరుగు చోట దీనికి తావు లేదు.

అంతకంటె ముఖ్యము మరొకటి. ఆ ఆటలో తెలుగు మాట ఒక్కటియు లేదు. అయినను దాని ముందర మా ఇంట మూడు తరములవారు తెలుగు మాటలాడిరి. లావుపాటి కావలివానికి పిల్లలు 'బొండాం' అని పేరు పెట్టిరి. "ఎనక్కి రా", "ఆడ మేకులుండాయి", "ఊపిరి బట్టి దూకు" – మీట పట్టినవాడొక్కడు, మాట కలిపినవారు అరడజనుమంది. ధర్మవరము దాపునగల నిమ్మలకుంట తోలుబొమ్మలకు ప్రసిద్ధి గదా. ఆ ఆటలో బొమ్మలాడించువారు తెర వెనుక నుందురు, ఊరంతయు తెర ముందర నుండును. రామరావణుల నడుమ కేతిగాడును బంగారక్కయు దూరి ఊరి ముచ్చటలు చెప్పుదురు. మా నడవలోని తెర ముందర ఆ కేతిగాని పాత్ర మా చుట్టుప్రక్కల కూర్చున్నవారిది.

బెంగళూరు మనుమడు ఈ దసరాకు తెచ్చిన ఆట 'రాజి'. పూనేలోని నాడింగ్ హెడ్స్ గేమ్స్ వారు 2020లో దానిని వెలువరించిరి. రాక్షసులు ఎత్తుకొనిపోయిన తమ్ముని వెదకుచు పోవు ఒక పిల్ల కథ అది. దుర్గయు విష్ణువును ఆ కథను చెప్పుకొనుచుందురు. కథ నడుమ వచ్చు ఘట్టములను నీడబొమ్మల రీతిని చిత్రించినారు! చూచి మా ఇంటి ముసలివారు లేచి వచ్చిరి. కోట గోడలు, కొలనులు, చిత్రములు కన్నుల పండువు. పోరు మాత్రము ఒకే తీరున సాగి విసుగు పుట్టించును. కథ యును తెగినట్లు ముగియును. తొలుత వెలువడినపుడు అందలి పలుకు ఆంగ్లమే. దుర్గ ఆంగ్లమున మాటలాడుచుండగా మా చెల్లెలు తెలుగున జవాబు చెప్పుచు కూర్చున్నది.

ఇక గుంపు ఆట. దానిని చులకన చేయుట విమర్శకునికి తగదు. 2018లో సెల్‌ఫోనుకు వచ్చిన 'పబ్జీ'ని బ్రెండన్ గ్రీన్ అనువాని ఊహనుండి పుట్టినదందురు. నూరుమంది విమానమునుండి ఒక దీవిపై దిగుదురు, ఆయుధములు ఏరుకొందురు, నిలువదగిన వలయము క్షణక్షణము కుంచించుకొనుచుండును, కడకు మిగిలినవాడు జేత. ఆ వలయము గొప్ప యూహ. దాగియుండువానిని సైతము అది రంగమునకు లాగును. గెలిచినవానికి కోడికూర భోజనమని తెరమీద వ్రాయుదురు. అది చూచి మా మేనల్లుని భార్య, "నిజం కూర ఈడ సల్లారిపోతాంది" అని అరచుట మా ఇంట సామెత యైనది.

ఆ మాటలోనే నా ఆక్షేపణ యున్నది. మెక్నర్ ఆటను ఒక మీటతో ఎచ్చటనైన నిలుపవచ్చును. గడియారము కూడ ఆగును. అవ్వ పిలిచిన లేవవచ్చును, గొడ్లకు నీరు పెట్టి రావచ్చును. గుంపు ఆట ఆగదు. లేచిపోయినవాడు చచ్చును, వానిని నమ్ముకొన్న ముగ్గురు తిట్టుదురు. కనుక ఇల్లు పిలుచుచున్నను పిల్లవాడు పలుకడు. చెవులకు యంత్రము తగిలించుకొని ముక్కుమొగము తెలియనివారితో అరకొర హిందీలో కేకలు వేయును. నూరుమందిలో నున్నవాడే, మా నడవలో మాత్రము ఒంటరి. ప్రక్కన కూర్చుండి చూచువారికి అందు తలదూర్చ చోటు లేదు. ధనము ఒడ్డి ఆడు ఆటల ఊసు నేనిక్కడ ఎత్తను. 2025 ఆగస్టులో పార్లమెంటు వానిని నిషేధించుచు చట్టము చేసినది.

మరియొక లోపము కలదు. 2020 సెప్టెంబరు 2న కేంద్ర ప్రభుత్వము పబ్జీని మరి 117 యాపులతో పాటు నిషేధించినది. అక్టోబరు 30తో మన దేశమున దాని సేవ ఆగినది. మరుసటి ఏడు జూలైలో వేరు పేరున మరల వచ్చినది, 2022లో మరల తొలగినది, 2023లో మరల వచ్చినది. నిషేధము లేకున్నను ఇదే గతి పట్టవచ్చును. యూబీసాఫ్ట్ వారి 'ది క్రూ' అను కార్ల పందెపుటాట 2014లో వచ్చినది. 2024 మార్చి 31న వారు తమ సర్వర్లను ఆపివేయగా, సొమ్మిచ్చి కొన్నవారికి సైతము ఆట లేకపోయినది. మెక్నర్ ఆట మూలలిపియు ఒకప్పుడు తప్పిపోయినదే. ఆయన తండ్రి పాత డిస్కులను వెదకి తీయగా, 2012లో అది లోకమునకు తిరిగి అందినది. తాళపత్రములను అటకలనుండి దింపిన మనకు ఈ కథ క్రొత్త కాదు.

ఇంతవరకు నా వాదము నిరాటంకముగా సాగినది. రెండవనాటి రాత్రి అది చిక్కున పడెను. మేనల్లుని కొడుకు ఆట మొదలిడి ఈసారి తెలుగుననే మాటలాడసాగెను. "ఎవరితోరా?" అని అడిగితిని. అమెరికాలో టెక్సాసున నున్న మా అన్న మనుమనితో నట. ఇచట రాత్రి, అచట ఉదయము. ప్రతి ఆదివారము ఇరువురును ఆ దీవిపై కలిసికొందురట. ఆ బాలునికి అచట ఈడుకు ఈడైన తెలుగు తోడు మరొకరు లేరు. వాని తల్లి ఫోనులో, "వాడు నోరు తెరచి తెలుగు మాట్లాడేది ఆ ఆటలోనే పెదనాయనా" అని చెప్పినది. "చెట్టు ఎనకాల నక్కినాడు" అను మాట ఆ దేశమున పుట్టినవాని నోట మా యాసతో వినగా నాకు ఏమనుటకును తోచలేదు. తెలియనివారి గుంపును గూర్చి నేనన్నది వెనుకకు తీసికొనను. తనవారిని కలుపు గుంపును కాదనుటకు నాకు అధికారము లేదు. ఒంటరి ఆట సైతము గది తలుపు వేసికొని ఆడినచో, నేను చెప్పిన సుగుణములలో సగము దానికి దక్కదు. ఆ మాట బెంగళూరు మనుమనికి చెప్పగా వాడు కంప్యూటరును మరల నడవలోనికి తెచ్చి పెట్టెను.

వారి యుద్ధము ముగిసిన పిమ్మట టెక్సాసు పిల్లవాడు ఫోనులో మా నడవను చూపుమని కోరెను. మేనల్లుని కొడుకు ఫోనును తెరవైపు త్రిప్పి పట్టుకొనెను. రాజి ఒక గోడ అంచున వ్రేలాడుచున్నది. మా చెల్లెలు "కింద సూడొద్దు" అనుచున్నది. ఏడు సముద్రముల ఆవలినుండి ఒక గొంతు, "ఆగన్నా, కుడి పక్కకు పో, ఆడ మెట్లుండాయి" అనెను.