పరిచారకపాదము: అశ్రాంతపదవిమర్శనము

చికిత్సకు నాలుగు పాదము లని ఆయుర్వేదవిదులు చెప్పుదురు: వైద్యుఁడు, ద్రవ్యము, పరిచారకుఁడు, రోగి. వీనిలో వైద్యునిగుఱించి తెలుఁగున వ్రాయఁబడినది కొండంత. ద్రవ్యములకు నిఘంటువులును వైద్యగ్రంథములును గలవు. రోగి తన బాధను దాను చెప్పుకొనుటకు శతకకర్తలనాఁటినుండియు వెనుదీయలేదు. పరిచారకపాదము మాత్రము వాఙ్మయమున నించుమించుగా మూఁగపాదమై నిలిచినది. 2020వ సంవత్సరము మార్చి 11వ తేదీని ప్రపంచారోగ్యసంస్థ కోవిడును విశ్వవ్యాప్తమైన మారిగాఁ బేర్కొన్న పిమ్మట, తెలుఁగుపత్రికలలోను పద్యగేయములలోను ఈ పాదమునకు హఠాత్తుగా స్తుతులు వెల్లువయైనవి. దేవత, తల్లి, యోధురాలు అను మూఁడు సంబోధనములే యా స్తుతులకుఁ బునాదులు. ఈ మూఁటి యౌచిత్యమును విచారించుట యిచ్చట ప్రకృతము. స్తుతిపాత్రులను స్తుతించుట దోషము గాదు. కాని స్తుతివాక్యము స్తుత్యవ్యక్తి యవసరమును మఱుఁగుపఱచినచో అలంకారము అపకారమగును.

ముందు నామవిచారము. 'దాది' ధాత్రీశబ్దభవము, పాలిచ్చి పెంచునది యని యర్థము. 'మంత్రసాని' పురుటింటికిఁ బరిమితము. 'పరిచారిక' అంతఃపురములలో వింజామరలు వీచినవారికిని జెల్లిన పదమగుటచే దాస్యచ్ఛాయను విడువదు. 'సిస్టరు' ఆంగ్లవైద్యశాలలతో వచ్చినది. 1883లో గుంటూరునకు వచ్చి 1898లో అచ్చట వైద్యశాలను నెలకొల్పిన అన్నా కుగ్లరు వంటివారి కాలమున ఈ వృత్తి తెలుఁగునేల వేరూనినది. 2016లో కేంద్రప్రభుత్వము 'స్టాఫ్ నర్సు' అను పేరును 'నర్సింగ్ ఆఫీసరు' అని మార్చినది. ఇన్నింటినడుమ పల్లెజనము సహజముగాఁ గల్పించుకొన్న మాట 'నర్సమ్మ'. ఇందలి 'అమ్మ' మాతృవాచకము గాదు. పంతులమ్మ, డాక్టరమ్మ అనుటలోవలె గౌరవార్థకము. పరభాషాపదమునకుఁ దెలుఁగుగౌరవమును జేర్చి, వృత్తిని వృత్తిగానే యుంచిన యీ పదము పండితుల సృష్టికంటె మేలైనది.

'తల్లి' యను కవిసంబోధనము ఈ భేదమును గుర్తింపలేదు. అది యెంతవఱకుఁ బొసఁగునో తెలిసికొనుటకు నెల్లికుదురు సీమకుఁ బోవుట మంచిది. 2016 అక్టోబరు 11వ తేదీవఱకు వరంగల్లు జిల్లాలోను, అటుపిమ్మట మహబూబాబాదు జిల్లాలోను జేరిన మండలకేంద్ర మిది. ('కుదు'రనఁగా చెట్టుచుట్టు నీరు నిలుచు పాదు, 'నెల్లి' ఉసిరికకుఁ బేరు. చికిత్సాపాదములను విచారించువారికి ఈ యూరిపేరు శుభశకునమే.) ఇట్టి తెలంగాణపుఁ బల్లెలలో అంటురోగములకుఁ బ్రత్యేకమైన పదసంపద గలదు. కలరా 'గత్తర', మశూచికము 'అమ్మవారు'. పోచమ్మ, ముత్యాలమ్మ మొదలగు గ్రామదేవతలు వ్యాధికి అధిదేవతలు, రక్షకులును. అమ్మవారు పోసిన యింట వేపమండలు గట్టుదురు. పరులు లోనికిఁ బోరాదు. రోగికడఁ గూర్చుండునది తల్లియో అవ్వయో. అనఁగా, ప్రాచీనాచారమున వ్యాధి యింటిలోనే యుండును, పరులు వెలుపల నుందురు. కోవిడునందు ఈ క్రమము తలక్రిందయ్యెను. రోగిని ఇంటినుండి కొనిపోయి మహబూబాబాదుననో, వరంగల్లు ఎం.జి.ఎం. వైద్యశాలయందో, వ్యాధి ముదిరినచో సికింద్రాబాదు గాంధీ వైద్యశాలయందో చేర్చిరి. రక్తసంబంధులు వెలుపల నిలిచిరి. ముక్కుమొగము తెలియని యొక స్త్రీ మంచముకడ నిలిచెను. వాఙ్మయమునకు నిజముగాఁ గ్రొత్తయైన వస్తు విది. ఆమెను 'తల్లి' యనుటతో ఈ క్రొత్తఁదనమంతయు నశించినది. పరురాలు పరురాలుగానే యుండి చేసిన సేవ బాంధవ్యపుఁ జీఁకటిలోఁ గలసిపోయినది.

మాతృసేవ యెట్లుండునో తెలియగోరువారు నెల్లికుదురునకుఁ బడమటనున్న పాలకుర్తికిఁ జెందిన సోమనాథుని బసవపురాణమున బెజ్జమహాదేవికథను జూడవలెను. శివునకుఁ దల్లి లేదని విచారించి, తానే తల్లియై, ఆ దేవుని బిడ్డగాఁ బెంచిన భక్తురా లామె. నూనె యంటుట, నీళ్లు పోయుట, కాటుక దిద్దుట మొదలగు శిశూపచారములను సోమనాథుఁడు ఇంటియాఁడువారి కనుచూపుతో వర్ణించినాఁడు. శివుఁడు అంగిటిముల్లను రోగమును నటించి పాలు ముట్టనప్పుడు ఆమె ప్రాణత్యాగమునకే పూనినది. భక్తికథకు ఆ పరాకాష్ఠ తగును. నలువది మంచముల గదిలో నిలుచు నర్సునకు ఆ స్వాతంత్ర్య మెక్కడిది? ఒక మంచము చల్లఁబడినయెడల దుప్పటి కప్పి, మృతదేహమును నియమానుసారముగాఁ జుట్టఁజేసి, తొడుగులు మార్చుకొని, ప్రక్కమంచమునందలి ప్రాణవాయువు మట్టమును జూడవలయును. ఆమె దుఃఖము వాయిదా వేయఁబడిన దుఃఖము. మాతృత్వారోపము ఈ వాయిదాను జూపఁజాలదు.

ఇఁక రసవిషయము. సుశ్రుతుఁడు పరిచారకునకుఁ జెప్పిన గుణములలో 'అజుగుప్సు' అనునది యొకటి, రోతపడనివాఁడని భావము. జుగుప్స బీభత్సమునకు స్థాయి. ఆ విభావములన్నియు ఎదుట నుండఁగా స్థాయి పుట్టకుండుట పరిచారకుని లక్షణము. అందుచేత ఈ వస్తువునకు బీభత్సము గాక, ఉత్సాహము స్థాయిగాఁ గల దయావీరమే యుచితమని తోఁచును. అయిననొక చిక్కు కలదు. దయావీరమునకు లాక్షణికులు తఱచుగాఁ జూపు నాయకుఁడు నాగానందమునందలి జీమూతవాహనుఁడు. అతఁడు గరుడునకుఁ దన దేహము నర్పించును. నర్సు దేహార్పణమునకు రాలేదు, వేళ ముగియఁగానే యింటికిఁ బోవుటకు వచ్చినది. ఆమె యింటికిఁ బోవలెననుకొనుటను లోపముగాఁ జూచు కావ్యము లోకమునకుఁ గీడు సేయును.

'యోధురాలు' అను పదమున ఈ కీడు మఱింత ప్రకటము. యోధునితోఁ బోల్చినవారు సైన్యవ్యవస్థను బూర్తిగాఁ జదివినట్లు లేదు. సంస్కృతభారతము ఉద్యోగపర్వమున పాండవశిబిరమును వర్ణించుచు, వేతనము లొసఁగఁబడిన శిల్పులను, సమస్తోపకరణములతోఁ గూడిన వైద్యులను బేర్కొన్నది. కౌటిల్యుఁడు యుద్ధరంగమున సేనవెనుక శస్త్రములు, మందులు, తైలములు, వస్త్రములు చేతఁబట్టిన చికిత్సకులను, అన్నపానములను గాపాడు స్త్రీలను నిలుపుమన్నాఁడు. శరతల్పగతుఁడైన భీష్ముఁడు తనకొఱకు వచ్చిన వైద్యులతో పని లేదని పంపివేయునప్పుడు సైతము, వారికీయవలసినది యిచ్చి, పూజించి పంపుమనెను. దేయము, పూజ రెండును. 2020 మార్చి 22వ తేదీ సాయంకాలమున దేశమంతట చప్పట్లు మ్రోగినవి. మే 3వ తేదీని వాయుసేన గాంధీ వైద్యశాలపైఁ బూలు గురిపించినది. అది పూజ. అదే సంవత్సరము జూలైలో ఆ వైద్యశాలయందలి పొరుగుసేవల నర్సులు జీతములకొఱకును ఉద్యోగస్థిరతకొఱకును విధులు మాని కూర్చుండిరి. 2021 జూలైలో రాష్ట్రమున మారికాలమందు ఆ పద్ధతినే పనిచేసిన 1,600 మందికిఁ బైగా నర్సులు తొలగింపఁబడి వీథిలో నిలిచిరి. పూజకుఁ గవులు దొరకినారు. దేయమునకు ఒక్క సీసపద్యమైనఁ గానరాదు.

'దేవత' విషయమై చెప్పవలసినది కొంచెమే. దేవతలని కీర్తింపఁబడినవారిని, వ్యాధి దెత్తురను భయముచే అద్దెయిండ్లనుండి పొమ్మన్న సంగతులు దేశమునఁ బెక్కుచోట్ల జరిగినవి. 1897 నాఁటి అంటురోగశాసనమును 2020 ఏప్రిలు 22వ తేదీని ఆర్డినెన్సుచే సవరించి, వైద్యసిబ్బందిపై దౌర్జన్యము చేసినవారికి మూఁడు నెలలనుండి అయిదేండ్లవఱకుఁ జెఱయు, 50,000 మొదలు రెండు లక్షల రూపాయలవఱకు జుల్మానాయు విధింపవలసివచ్చెను. దేవతకుఁ జట్టపురక్ష యేల కావలసెనో స్తుతికర్తలు ఆలోచింపలేదు. గ్రామదేవతను సైతము పొలిమేరలోనే నిలుపు జనులు ఆమెకును అదే మర్యాద చేసిరనవచ్చును.

సుశ్రుతుని పరిచారకలక్షణములలోనే విచార్యమైన పదము మఱొకటి యున్నది: 'అశ్రాంతుఁడు'. అలసట లేనివాఁ డని సామాన్యార్థము. ఇది సహజగుణమా, లేక యేర్పాటుచేఁ గలుగు స్థితియా? సహజగుణమని గ్రహించినచో, అలసిన నర్సు లక్షణహీనురా లగును. మారికాలపు స్తుతులన్నియు ఈ యర్థమునే గ్రహించి, నిదుర లేని కన్నులను గొనియాడినవి. చరకుని సూత్రస్థానము పదునేనవ యధ్యాయము వేఱుత్రోవఁ జూపును. రోగికొఱకు గృహము నిర్మింపవలసిన తీరును జెప్పుచు, చరకుఁడు అచ్చట నుండవలసిన పరిచారకులను బహువచనమునఁ జెప్పినాఁడు: వండువారు, స్నానము చేయించువారు, ఒడలు పిసుకువారు, లేవనెత్తువారు, కూర్చుండఁబెట్టువారు, ఔషధములు నూఱువారు. ఒకని పని పలువురకుఁ బంచఁబడినది. అశ్రాంతత్వము సంఖ్యచే సిద్ధించును గాని స్తోత్రముచే సిద్ధింపదు. శ్వాస యాడని రోగిని బోరగిలఁ బరుండఁబెట్టుటకు గొట్టములు జాఱకుండ నలుగురైదుగురు చేయి వేయవలయును. ఒంటరి నర్సు ఎంత యశ్రాంత యైనను ఆ పని కాదు. ప్రపంచారోగ్యసంస్థ 2020 ఏప్రిలులో వెలువరించిన నివేదిక లోకమున 2 కోట్ల 79 లక్షల నర్సులు గలరనియు, ఇంకను 59 లక్షలమంది కొఱఁతయనియు లెక్కించెను. నైటింగేలు ద్విశతజయంతిని బురస్కరించుకొని నర్సులకై యా సంవత్సరమును బ్రత్యేకించియుండుట విధివిలాసమే. ఈ సంఖ్యలను ముందుంచుకొని 'అశ్రాంత'పదమును జదువువానికి, శాస్త్రకారుఁడు పరిచారకునిఁ గాక నియోజకునిఁ బరీక్షించుచున్నాఁడని తోఁచును.

ఆ కాలమున నర్సులు కోరినవి మితములు. కొలతకు సరిపోవు రక్షణవస్త్రము. దానిని దొడిగిన ఆఱేసి గంటలు నీరు త్రాగకయు, మూత్రమునకుఁ బోకయు, బహిష్టుదినములందు గుడ్డ మార్చుకొనకయు నుండవలసిన దురవస్థకు విరుగుడు. బస్సులు నిలిచిన దినములలో నెల్లికుదురువంటి చోట్లకు వచ్చిపోవుటకు వాహనము. ఇంటిపిల్లలకు దూరముగా నుండుటకొక గది. ఒకే పనికి ఒకే జీతము. ఇవి కావ్యవస్తువులు గావని తలఁచువారు సోమనాథుని కాటుకను, నూనెను మఱచినవారు. ముసుఁగులోఁ గన్నులు తప్ప మఱేమియు గానరాక, తోడివారు సైతము గుర్తింపలేనందున, కొందఱు నర్సులు తమ పేరును అంగీపై సిరాతో వ్రాసికొనిరి. రోగి చదివినది ఆ పేరే. చనిపోవుటకు ముందు కొందఱు పిలిచినది ఆ పేరే. స్తుతికవిత్వములో నా పేర్లలో నొక్కటియు లేదు, దేవతయే యున్నది.

నెల్లికుదురు మొదలు వరంగల్లువఱకు ఆ దినములలోఁ బనిచేసిన నర్సమ్మలు ఇంకను ఉద్యోగములందున్నారు, జ్ఞాపకములు చెదరలేదు. గత్తరకాలపు మాటలను అవ్వలనోటినుండి సేకరించినట్లే, వీరి వేళపట్టికలను, దినచర్యలను, గదిలోపల వారు కల్పించుకొన్న సంకేతపదములను సేకరించుట సాహిత్యసంఘముల పని. స్తుతులను దరువాత సంస్కరించుకొనవచ్చును.